బతికున్నవారి వంతు

మండపేట,
క్రోధి నామ సంవత్సర కార్తీక బహుళ పంచమి.

శ్రీవారి పాదాలకు నమస్కరించి రాస్తున్న విన్నపం.

ఇక్కడ నేను, మీ చెల్లెలు శ్యామల, అబ్బాయి బుల్లబ్బాయి, కోడలు వీరవేణి, పాలేళ్ళు, పశువులు అందరం క్షేమం. అక్కడ మీరూ, మీకు తోడు వచ్చిన బంగార్రాజు గారూ విశ్వనాథుడి దయవల్ల క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమమని రాయడానికి నాకు ఇబ్బంది లేదు గాని, నిశ్చింతగా ఉన్నామని మాత్రం రాయలేను.

ఇంతవరకు మీకు అందిన ఉత్తరాలన్నీ అబ్బాయి రాసినవే. నేను పక్కన కూర్చుని చెప్పడం, వాడు అందులో తనకు నచ్చినంత రాయడం. ఈసారి చెప్పవలసిన మాటలు వాడిచేత రాయించదగ్గవి కావు. వకీలు గారిచేత రాయిస్తే కచేరీ కాగితంలా ఉంటుంది. మా నాన్నగారు తమ బడిలో మగపిల్లల సరసన కూర్చోబెట్టి నన్ను చదివించింది రామకోటి రాసుకోవడానికి మాత్రమే కాదేమోనని ఇన్నాళ్ళకు తోచి, నేనే కలం పట్టాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. సార్వా పంట కోతకు వచ్చింది. మొన్నటి గాలికి తూర్పు చేలో వరి పడింది గాని కుళ్ళలేదు. కపిల ఆవు పెయ్యను ఈనింది, తల్లీ బిడ్డా బాగున్నాయి. వంటింటి మీద తాటాకు మార్పించాం. కాశీలో ఏదైనా ఒకటి వదిలిపెట్టాలి కదా అని పొట్లకాయ వదిలానని రాశారు. సంతోషం. మన పెళ్ళయినప్పటి నుంచి మీరు పొట్లకాయ ముట్టగా నేను చూడలేదు. రేపటికి వాయిదా వేసే అలవాటును వదులుతారేమోనని నేను ఇక్కడ దీపం పెట్టుకుని కూర్చున్నాను. గంగమ్మకు పొట్లకాయ ముట్టింది.

బంగార్రాజు గారికి జ్వరం వచ్చి, మూడు పూటలు తెలివి లేకుండా పడి ఉండి, ఎవరో వైద్యుడి మాత్రతో లేచి కూర్చున్నారని వింత చెప్పినట్టు రాశారు. చివర్లో "అంతా ఈశ్వరేచ్ఛ" అన్నారు. అబ్బాయి చదువుతూ నవ్వాడు. నేను అక్కడే ఆగిపోయాను. జ్వరం ఆయనకు కాక మీకు వచ్చి ఉంటే అన్న మాట నోటితో అనలేదు గాని, శ్యామల ముఖం చూస్తే ఆమె కూడా అదే అనుకుంటోందని తెలిసింది.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు ఊరికే అనలేదు. ప్రయాణానికి ముందు ఇల్లు చక్కబెట్టుకుని వెళ్ళమని దాని అర్థం. ఆ మాట గుర్తు చేస్తే, "అది నడిచి వెళ్ళే రోజుల మాట, ఇప్పుడు రైలు పడింది" అన్నారు. రైలు గోదావరిని దాటగలదు గాని, మనిషిని ఆయుర్దాయం దాటించి తీసుకుపోదు కదండీ.

కాలువ గట్టున ఉన్న పొలం చెక్క మీరు లంక పొగాకు మీద సంపాదించి కొన్నది. మీ స్వార్జితం. ఆ చెక్కనూ, మీరు కట్టించిన ఈ ఇంట్లో నడవ పక్క గదినీ, శ్యామల బతికినంతకాలం ఆమెవేనని రాస్తానని నలుగురిలో మీరే అన్నారు. నేను అడిగి అనిపించిన మాట కాదు. ఆమెకు అత్తవారిల్లు ఎటు తిరిగి ఉంటుందో కూడా గుర్తు లేదు. కాపురానికి వెళ్ళకుండానే పసుపు కుంకుమలు పోగొట్టుకుని మన ఇంట్లోనే తల నెరిసింది. నా పురిటి మంచం పక్కన కూర్చున్నది ఆమె, బుల్లబ్బాయికి ఉగ్గు పట్టింది ఆమె. మీరు మాట అన్నారు, అందరూ మెచ్చుకున్నారు, మాట అక్కడే ఉంది.

వకీలు జ్ఞానప్రకాశం గారు మా నాన్నగారి దగ్గర చదువుకున్న మనిషి కనుక, ఆ మాటను కాగితం మీద పెట్టడానికి రాజమహేంద్రవరం నుంచి పడవ మీద తన ఖర్చులతో వచ్చారు. ఆషాఢంలో వస్తే శూన్యమాసమన్నారు మీరు. శ్రావణంలో కబురు చేస్తే, నోములూ వ్రతాల మధ్య మరణశాసనం మాటేంటన్నారు. భాద్రపదంలో పెద్దల పక్షాలు వచ్చాయి. ఆ రోజుల్లో అలాంటి కాగితం రాస్తే పైనున్నవాళ్ళు పిలుపనుకుంటారని చెప్పారు. వకీలు గారు వీధి అరుగు మీద కూర్చుని నెమ్మదిగా, "మీ పంచాంగంలో పోవడానికి మంచిరోజు ఎప్పుడుందో చూసి చెప్పండి, దానికి ముందు రోజు వస్తాను" అన్నారు. మీకు కోపం వచ్చింది.

చివరికి ఆశ్వయుజంలో తిథి కుదిరింది, వారం కుదిరింది, నక్షత్రం కుదిరింది. కాగితం పరిచారు, మీరు కలం ముంచారు, వకీలు గారు తుమ్మారు. ఒంటి తుమ్ము. మీరు కలం కింద పెట్టేశారు. పాపం ఆయన, "కావాలంటే ఇంకోసారి తుమ్ముతానండి, జంట తుమ్మయితే దోషం లేదంటారు కదా" అని ముక్కుపొడుం కూడా పీల్చారు. రాలేదు. తలుపు వెనక నిలబడి నవ్వాలో ఏడవాలో తెలియక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ వారంలోనే కాశీ ప్రయాణానికి దివ్యమైన ముహూర్తం దొరికింది మీకు. "వచ్చాక చూద్దాం, కంగారు పడకు" అని బండెక్కారు.

కంగారు పడకుండానే ఉన్నాను, మీ మేనమామ కొడుకు పల్లంరాజు గారు పోయేదాకా. ఆయన పోయిన సంగతి అబ్బాయి రాశాడు. తరువాతది రాయలేదు. ఆయన అక్క రామతులసి గారు మన శ్యామల లాంటిదే, చిన్నప్పుడే పుట్టింటికి తిరిగి వచ్చినది. పదమూడో రోజు భోజనాలు అయి విస్తళ్ళు తీస్తుండగానే పెద్దకొడుకు, "అత్తా, ఇక నీ సంగతేంటి?" అని అడిగాడు. ఆవిడ అర్థం కాక, "నా సంగతేంటి నాయనా, ఈ గిన్నెలు తోమించి పడుకుంటాను" అంది. "అది కాదు. నాన్న ఏదీ రాయలేదు. మా ముగ్గురి వంతుల్లో నువ్వు ఎవరి వంతులోనూ లేవు" అన్నాడు వాడు. అరవలేదు, కొట్టలేదు. ధాన్యం కొలత చెప్పినట్టు చెప్పాడు. ఆవిడ ఇప్పుడు జంగారెడ్డిగూడెం వైపు మెరక ఊళ్ళో ఎవరో దూరపు చుట్టాల ఇంట వంటకు కుదిరింది. పల్లంరాజు గారు కూడా అక్కగారిని ప్రాణంగా చూసుకున్న మనిషే. మీలాగే ఆయనకూ నోటి మాట చాలనిపించింది.

ఆ భోజనాలకు శ్యామల నాతో వచ్చింది. అంతా విన్నది. మర్నాడు నేను పెట్టిన పులుసు నోట్లో పెట్టుకుని, "బాగుంది వదినా" అంది. అర్ధమొగుడు ఆడపడుచు అంటారు, నా చేతి పులుసును ఆమె ఒక్కనాడు మెచ్చుకున్న పాపాన పోలేదు. ఉప్పు చాలలేదనో, చింతపండు తగిలిందనో అనకపోతే ఆమెకు ముద్ద దిగదు. ఆ ఒక్క మెప్పు విని నేను గరిటె కింద పెట్టేశాను. తరువాత చూస్తే కోడలు లేవకముందే వాకిలి ఊడుస్తోంది. రెండోసారి వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెడుతోంది. తన సొంత ఇంట్లో, తన అన్న ఇంట్లో, మంచిదనిపించుకోవడానికి పాటుపడుతోంది. ఇది నేను చూడలేకపోయాను.

అబ్బాయిని కదిపి చూశాను. వాడు చెడ్డవాడు కాదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. "నాన్నగారు రాస్తే నేనెందుకు కాదంటానమ్మా? అత్త నన్ను పెంచింది. రాయకుండా పోతే మటుకు నన్ను నిలదీయకు. మా మామగారి వైపు వాళ్ళ నోళ్ళు నేను మూయలేను" అన్నాడు. వాడు మెత్తన అని మనకు తెలుసు. ఆ మెత్తదనం ఎవరి నుంచి వచ్చిందో నేను రాయను.

ఇక దాచుకున్న మాట. ఇది చదివేటప్పుడు మీరు గంగ ఒడ్డున ఉన్నారని గుర్తుంచుకుని కోపం తెచ్చుకోకండి.

కార్తీక స్నానానికని చెప్పి నేనూ శ్యామలా పడవ మీద రాజమహేంద్రవరం వెళ్ళాం. కోటిలింగాల రేవులో స్నానం చేశాం, దీపాలు వదిలాం. అందులో అబద్ధం లేదు. అక్కడి నుంచి జ్ఞానప్రకాశం గారిని తోడు తీసుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాను. మా నాన్నగారు పసుపు కుంకుమ కింద నాకు ఇచ్చిన పొలానికి నేనే యజమానురాలినట. దాన్ని ఎవరికి రాసినా మిమ్మల్ని అడగనక్కర్లేదట. "మిమ్మల్ని అడగనక్కర్లేదు" అని వకీలు గారు అన్నప్పుడు నాకు చెంపలు వేసుకోవాలనిపించింది. అయినా రాయించాను. నా తదనంతరం ఆ పొలం శ్యామలది. ఆమె తరువాత, ఆమెకు కర్మ చేసినవారిది.

శ్యామలకు ఈ సంగతి చెప్పలేదు. శిస్తు పని అని వరండాలో కూర్చోబెట్టాను. లోపల గుమస్తా, "భర్త పేరు?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. "భర్త పేరు చెప్పాలమ్మా." నేను, "మా బుల్లబ్బాయి నాన్నగారు" అన్నాను. "ఆ పేరుతో రాయడానికి కుదరదమ్మా." వకీలు గారు చెప్పబోతే, "ఆవిడే చెప్పాలి, లేదా అయినవాళ్ళు ఎవరైనా చెప్పాలి" అన్నాడు. వరండాలోంచి శ్యామల విసుగెత్తి, మీ పేరు ఇంటిపేరుతో సహా వీధి అంతా వినపడేలా చెప్పింది. "ఆవిడ చచ్చినా చెప్పదు గాని, రాసుకోండి, ఆయన మా అన్నయ్య" అని లోపలికి వచ్చి నిలబడింది. సరిగ్గా అప్పుడే రిజిస్ట్రారు గారు కాగితం మీద నుంచి తల ఎత్తి, "పొలం ఎవరికి? ఆడపడుచుకా? ఇన్నేళ్ళ నౌకరీలో ఆడపడుచు మీద వేసిన దావాలు చూశాను గాని, ఇది చూడలేదండి" అన్నారు.

దాచడానికి ఇంకేముంది. పడవ ధవళేశ్వరం లాకులు దాటేదాకా శ్యామల నా వైపు చూడలేదు. అప్పుడు అంది, "నువ్వు ముందు పోతావని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పల్లంరాజు గారికి మటుకు ఎవరు చెప్పారు?"

"నీ పొలం నాకెందుకు వదినా? మీ నాన్న నీకిచ్చింది. నాకు ఇవ్వాల్సినవాడు, ఇందాక ఎవరి పేరు చెప్పలేక నీళ్ళు నమిలావో ఆయన."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "నువ్వు రాసింది ధర్మం. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, కాదనను. కాని అన్నయ్య రాస్తే అది నా పుట్టిల్లు. రెండూ ఒకటి కావు. నేను ఎకరాలు అడగట్లేదు. ఆ గదిలో పడుకున్నప్పుడు ఇది నాదా, వాళ్ళ దయా అని అనుకోకుండా నిద్ర పట్టాలి, అంతే" అంది.

ఏవండీ, నేను ఏ పొలం రాసినా తీరని పని ఇది. మీ ఒక్కరి సంతకంతోనే తీరుతుంది.

మార్గశిర అమావాస్యకు గయ వెళ్ళి పిండప్రదానం చేస్తాననీ, మా పుట్టింటి వైపు మూడు తరాల వారి పేర్లూ, గోత్రం, అమ్మమ్మల పేర్లతో సహా తప్పులు లేకుండా రాసి పంపమనీ అడిగారు. పోయినవాళ్ళలో ఒక్కరు కూడా తప్పిపోకూడదని మీ ఆరాటం. మా వాళ్ళను కూడా తలచుకున్నందుకు మీ పాదాలకు మళ్ళీ నమస్కరిస్తున్నాను. కాని, కళ్ళెదుట తిరుగుతున్న మనిషిని తప్పించి, కనపడని వాళ్ళకు వరస పెట్టి వడ్డిస్తుంటే వాళ్ళ చేతికి ముద్ద అందుతుందా అని నాకు అనుమానంగా ఉంది.

అందుకని, ఈ కవరులో వకీలు గారు రాసిన కాగితం ఒకటి పెట్టాను. మీరు అనుకున్నదే, మీ మాటల్లోనే రాశారు. మీ సంతకం, మరో ఇద్దరి సాక్షి సంతకాలు ఉంటే చాలునట. బంగార్రాజు గారు ఒకరు, మీరు దిగిన ఇంటి పురోహితుడు ఒకరు. కాశీలో మూఢం లేదు, వర్జ్యం లేదు, దుర్ముహూర్తం లేదని మీరే చెప్పేవారు. అక్కడ ఎవరు తుమ్మినా దోషం ఉండదనుకుంటాను.

మా వాళ్ళ పేర్లు ఈ ఉత్తరంలో రాయడం లేదు. ఆ కాగితం సంతకాలతో నా చేతికి వచ్చిన రోజున, పేర్లన్నీ తంతి కొట్టిస్తాను. అమావాస్యకు అందుతాయి. కాగితం రాకపోతే, మా నాన్నగారూ అమ్మా ఈసారికి గయలో పిండం లేకుండానే ఉంటారు. ఈ వాక్యం రాసి, లేచి దేవుడి గదిలోకి వెళ్ళి వాళ్ళకు క్షమాపణ చెప్పుకుని వచ్చాను. నా వ్రతాలూ నా ఉపవాసాలూ తెలిసిన మీకు, ఇంత మాట నేను ఊరికే రాయనని కూడా తెలిసే ఉంటుంది.

ఈ కాగితాలు గంగలో వదలకండి, చింపకండి. మీ పెట్టెలో అడుగున దాచుకోండి. బంగార్రాజు గారికి గాని, తిరిగి వచ్చాక అబ్బాయికి గాని చూపించకండి. ఇవి మన ఇద్దరి మధ్యవి.

ఇట్లు,
మీ ధర్మపత్ని,
శ్యామల వదిన.