పనికిమాలినదాన్నని ధ్రువీకరించగలరని మనవి

విదేశీ ఉన్నత విద్యా ఉపకార వేతనముల సంచాలకులు గారి సముఖమునకు, ప్రభుత్వ కంటి ఆసుపత్రి కృత్రిమ నేత్ర విభాగములో పనిచేయు టెక్నీషియన్ వ్రాసుకొను అర్జీ.

(ద్వారా: విభాగాధిపతి గారు)

అయ్యా,

విషయం: విదేశములో పైచదువు నిమిత్తము ఉపకార వేతనము మంజూరు చేయుట, లేదా నేను పనికిమాలినదానినని ధ్రువీకరణ పత్రము ఇప్పించుట గురించి.

తమరికి ఊపిరి సలపనంత పని ఉండునని ఎరుగుదును. అయినను ఈ కాగితము తమ బల్ల దాకా చేరినదంటేనే అదొక వింత కనుక, ఓపిక పట్టి చివరి వరకు చదువవలెనని ప్రార్థన.

1. జబ్బు వలననో ప్రమాదము వలననో కన్ను పోయినవారికి కృత్రిమ నేత్రములు చేసిపెట్టుట నా ఉద్యోగము. ఆసుపత్రిలో అందరూ నన్ను కళ్లమ్మ అందురు. మనిషికి మిగిలిన కన్నును ఎదుట పెట్టుకొని, దాని రంగును పొరపొరగా వేసి, తెల్లగుడ్డు మీద ఎర్రని పట్టుదారపు పోగులను నరములవలె అతికించి దానికి జోడు చేయుదును. అయితే మేము చేసిన కంటిలో పాప ఎండలో చిన్నది కాదు, నీడలో పెద్దది కాదు. వేసినది వేసినట్లే ఉండును. వెలుతురును బట్టి మారు పాపను చేయుట మీద పరిశోధన జరుగు కళాశాల ఒకటి విదేశములో కలదు. వారు నా పని ఫొటోలు చూచి సీటు ఇచ్చిరి. నేను బతిమాలగా ఒక ఏడాది వాయిదా కూడా వేసిరి. ఇక వేయబోమని వ్రాసిరి. తమ ఉపకార వేతనమునకు ఉన్న వయఃపరిమితి కూడా నాకు ఈ ఏటితో దాటిపోవును.

2. తమ నిబంధనల ప్రకారము దరఖాస్తు విభాగాధిపతి గారి సిఫారసుతో రావలెను. మూడు పర్యాయములు ఇచ్చితిని. మూడును వారి సొరుగులో క్షేమముగా ఉన్నవి. అడిగిన ప్రతిసారి వారు సెలవిచ్చిన మాట యథాతథముగా:

“నువ్వెళ్తే ఇక్కడ కళ్లెవరు వేస్తారమ్మా? నీలాంటి మనిషిని వదులుకుంటే నన్ను పిచ్చోడంటారు. కూర్చో, టీ తాగి వెళ్లు.”

టీ తాగి వచ్చితిని. టీ బాగానే ఉండెను.

3. మా విభాగములో మరొక టెక్నీషియన్ ఉండెడివారు. రోగిని మసక వెలుతురు గదిలో కూర్చోబెట్టి, అక్కడ విప్పారిన పాపను చూచి, అంత పాపా వేసెడివారు. బయట ఎండలోకి పోగానే అసలు కంటిలో పాప ఆవగింజంత అగును, వీరు వేసినది మిరియపు గింజంత ఉండును. చూచువారికి ఆ మనిషి ఒక కంటితో ఉలిక్కిపడినట్లు కనిపించును. అందుకే వీరికి మేము ఉలికిపాటు అని పేరు పెట్టుకొంటిమి. ఒక బస్సు కండక్టరు వచ్చి లబోదిబోమన్నాడు:

“టికెట్టు అడిగితే చాలు మేడం, కొట్టడానికొచ్చాననుకుని గొడవకి దిగుతున్నారు. నేను నెమ్మదస్తుణ్ణి మేడం!”

ఆ కన్ను నేనే మార్చితిని. ఆ ఏడే ఉలికిపాటు గారి దరఖాస్తు “అసమాన ప్రతిభావంతుడు” అను సిఫారసుతో తమకు చేరినది. తమరు మంజూరు చేసితిరి. ఇదేమి న్యాయమని నేను అడుగగా విభాగాధిపతి గారు నవ్వి, “వాణ్ణి వదిలించుకోడానికి ఇంకేం దారుందమ్మా? నాలుగు మంచి మాటలు రాస్తే నా సొమ్మేం పోయింది?” అనిరి. ఇప్పుడు ఆయన పొడుగు కోటు వేసుకొని ఆ దేశపు వంతెనల మీద నిలబడి ఫొటోలు పెట్టుచున్నారు. బాగున్నవని నేనును మెచ్చుకొనుచున్నాను. కడుపు మండిపోతోంది సార్.

4. దీనిని బట్టి మా విభాగపు పద్ధతి బోధపడినది. పని చేయువారు కుర్చీకి, చేయనివారు విమానమునకు. ఇంటి దగ్గర ఈ గోడు వెళ్లబోసుకొనగా మా ఆడపడుచు ఇచ్చిన సలహా:

“వదినా, ఒక్క కన్ను చెడగొట్టు. ఒక్కటంటే ఒక్కటే. వాళ్లే నిన్ను బతిమాలి విమానం ఎక్కిస్తారు.”

మొన్నీమధ్య దర్జీపని చేసుకొను ఒకావిడ వచ్చినది. ఆమెది తేనెరంగు కన్ను. నేను మనసు రాయి చేసుకొని నల్లగా వేసి ఇచ్చితిని. ఇక గొడవ చేయును, ఫిర్యాదు వ్రాయును, నా బతుకు బాగుపడును అనుకొంటిని. ఆవిడ పెట్టుకుని చాలాసేపు అద్దంలో చూసుకుంది. నా మొహం చూసి, “బాగానే ఉందిలేమ్మా. పాపం ఎంత కష్టపడ్డావో. అయినా నన్నెవరు చూడొచ్చారు?” అంది.

అయ్యా, ఆ మాట విన్నాక నావల్ల కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెను మళ్లీ కూర్చోబెట్టి, కొత్తది చేసి, చేతిలో పెట్టేదాకా అన్నం సయించలేదు. నేను తిరిగి చేయుచుండగా విభాగాధిపతి గారు అటుగా వచ్చి చూచి, నా సర్వీసు రికార్డులో “ఈమె అంకితభావము శ్లాఘనీయము, ఈమె సేవలు విభాగమునకు అత్యావశ్యకము” అని వ్రాసి పోయిరి. మెప్పుతో కూడా మనిషిని కట్టిపడవేయవచ్చునని అప్పుడు తెలిసినది.

5. కావున నా దరఖాస్తును సిఫారసు లేకుండానే స్వీకరించవలెను. అది నిబంధనలకు విరుద్ధమైనచో, నన్ను గురించి నాలుగు చెడ్డ మాటలు వ్రాయమని విభాగాధిపతి గారిని ఆదేశించవలెను. బద్ధకస్తురాలు, పొగరుబోతు, పై అధికారులను లెక్కచేయదు, ఏది వ్రాసినను కింద సంతకము చేసెదను. చివరిది ఈ అర్జీతో కొంత నిజమే అయినది. బాగా పని చేయుట ఇక్కడ నేరమని ఉద్యోగములో చేరిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే, కుదురుగా చేతగానిదానివలె బతికి ఈపాటికి చదువు ముగించుకొని ఉందును.

ఈ మొరను తమరైనను చిత్తగించవలెను. సొరుగులో పెట్టుకొనువారు మాకు ఇక్కడే ఉన్నారు.

ఎంత విధేయత చూపినా ఉన్నచోటే ఉన్న
తమ విధేయురాలు,
కళ్లమ్మ

- - - - - - - (ఇక్కడ చింపగలరు) - - - - - - -

పెద్దసారూ,

విభాగాధిపతిగా మీ సంతకం కోసం ఈ కాగితం ముందు మీ బల్ల మీదికే వస్తుంది. అందుకని ఈ గీత కింద రాసింది మీకొక్కరికే. ఇది చింపేసి పైది పంపండి.

రెండేళ్ల కిందట మీరు పెద్ద సెలవు పెట్టి, నల్లద్దాలతో తిరిగొచ్చారు. ఒక ఆదివారం నా గది తలుపులు మూసి మీ ఎడమకన్ను చేసి పెట్టాను. ఎవరికీ చెప్పనన్నాను. మా ఆయనక్కూడా చెప్పలేదు. ఆ తర్వాత మీరు అద్దాలు తీసేశారు. పైనుంచి ఎంతమంది అధికారులొచ్చి మీ ఎదురుగా కూర్చున్నా ఒక్కరూ కనిపెట్టలేదు. నా పనితనానికి అంతకంటే రుజువేముంది? ఆ ఒక్క ముక్క పైన రాస్తే నా పని జరిగిపోయేది. రాయలేదు. ఎప్పటికీ రాయను, మీరు భయపడకండి.

మీరు నన్ను ఆపుతున్నది విభాగం కోసం కాదని నాకు తెలుసు. రేపు ఆ కన్ను అరిగిపోతే, ఇంకొకరి ముందు కూర్చుని దాన్ని తీయలేరు. ఆ మాట మీరు ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే చాలు కదా సార్. నేనేమైనా పరాయిదాన్నా?

మీ కంటిగూటి కొలతకి తీసిన అచ్చు నా దగ్గరే ఉంది. నిన్న కూర్చుని ఇంకో కన్ను చేసేశాను. దూదిలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, ఈ కాగితంతోపాటే పంపుతున్నాను. నన్ను పంపినా పంపకపోయినా అది మీదే. పంపకపోతే మాత్రం, అది పెట్టుకునే రోజు నన్ను పిలవకండి. అద్దం ముందు మీరొక్కరే కూర్చుని పెట్టుకోండి.