రెండో అమెరికా నోటు

పోర్టు స్వెటెన్‌హామ్
12 మే 1956

అమ్మకు నమస్కారాలు. నేను క్షేమంగా చేరాను. దారిలో పోలీసులు బస్సు ఆపి సోదా చేశారు గానీ నాన్న దాచిన అమెరికా నోటు భద్రంగానే ఉంది.

దాన్ని ఇక్కడ డబ్బు మార్చే ఖాదర్ భాయికి చూపించాను. మన రబ్బరు తోట గుమాస్తా కాంతయ్య గారు నీతో, “ఈ నోటు మీదున్న బేంకు ఎప్పుడో మూసేసినారమ్మా, ఇది ఉట్టి కాయితమే లా” అన్నారు కదా, అది అబద్ధం. బ్యాంకు మూతపడినా నోటు చెల్లుతుందట. పైగా దాని మీద ఏదో చిన్న ఊరి బ్యాంకు పేరు ఉంది. అలాంటి పాత నోట్లు పోగుచేసేవాళ్లు రాసి ఉన్న విలువకు ఎన్నో రెట్లు ఇస్తారట. భాయి నంబరు చూసి ఉలిక్కిపడ్డాడు. అదే బ్యాంకుది, దీని ముందు నంబరు నోటు, పోయిన నెల మన తోట వైపు నుంచి ఎవరో పెద్దమనిషి తెచ్చి అమ్మాడట. పేరు చెప్పలేదట.

అమ్మా, నాన్న మడిచిపెట్టిన పొట్లం నువ్వు విప్పకుండానే కాంతయ్య గారి చేతికి ఇచ్చావా? బాగా గుర్తు చేసుకో.

ఆవు ఈనిందా? రేషను బియ్యం సరిపోతున్నాయా? నా గొడుగు ఎవరికీ ఇవ్వకు.

ఈ కార్డు నీకు చదివిపెట్టేది కాంతయ్య గారే. ఆయన గొంతు ఎక్కడ ఆగిందో చూడు. ఇవే మాటలతో కూర్మమ్మ అల్లుడు సన్యాసికీ ఒక కార్డు రాశాను. అతనూ వచ్చి నీకు చదువుతాడు. రెండూ ఒకేలా వినిపిస్తేనే కాంతయ్య గారికి నా నమస్కారాలు చెప్పు.

నీ కొడుకు
సింహాద్రి