ఎడమ సీటు

ప్రాడ్, స్టెల్వియో కనుమ దిగువన,
జూన్ 6, 1993.

ప్రియమైన అన్నయ్య ఎడ్మండ్‌కు,

నేను కులాసా. నాన్న పాత కారు నాకంటే కులాసా. లెడ్‌బరీలో నువ్వూ, నాన్నా, నాన్న మోకాలూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నాకంటే రెండు రోజులు ముందే ఈ సత్రానికి చేరి నాకోసం కాచుకుని ఉంది. యజమానురాలు ఫ్రౌ ప్లాట్సర్ దాన్ని వంటగదిలో ఉప్పుజాడీకి ఆనించి పెట్టింది. నీ ప్రశ్నలకు వరసగా జవాబులు చెబుతాను. ఆయిల్ మీటరు ముల్లు నిలకడగా ఉంది. నాన్న చలికాలమంతా సుత్తితో సాగదీసి చేసిన కొత్త మడ్‌గార్డు గులకరాళ్ళ దారిలో కూడా చప్పుడు చేయలేదు. వాన రెండుసార్లు పడింది, టాపు వేయలేదు. వేగంగా పోతే వాన తల మీదుగా దాటిపోతుందన్న నాన్న సిద్ధాంతం యాభై మైళ్ళ వేగం పైన సత్యమే. ఊరి మధ్య ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు మాత్రం దానికి ఆధారం దొరకలేదు.

టోల్ చీటీలు ఎవరు అందుకుంటున్నారని అడిగావు. ఎవరూ లేరు. ఫ్రాన్సులో గేట్లన్నీ ఎడమవైపే. మన స్టీరింగు కుడివైపు. ప్రతి గేటు దగ్గరా బండి ఆపి, దిగి, ఆ పొడుగాటి బానెట్ చుట్టూ పరుగెత్తుతున్నాను. రాంస్ దాటాక ఒక గేటు మనిషి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమ్మా, పక్క సీటు ఖాళీగానే ఉందిగా! అద్దెకిస్తావా?"

"మీకు చీటీ అందుకోవడం వచ్చా?"

"ఇరవై ఏళ్ళుగా ఇవ్వడమే నా పని. తీసుకోవడమెంత, రెండ్రోజుల్లో నేర్చుకుంటా!"

నవ్వాను. ఆ తర్వాత వంద మైళ్ళు నా గొంతుకు పని లేదు. యూనివర్సిటీ చర్చా వేదిక మీద మూడు వందల మంది ఎదుట తడబడని గొంతు ఇది. ఇక్కడ ఎనిమిది సిలిండర్ల హోరులో ఖండించడానికి ఎవరూ లేరు, ఒప్పుకోవడానికీ ఎవరూ లేరు. నీ సీటులో దారి పటమూ, సగం రొట్టే ఉన్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా రొట్టె నా వైపు ఒరుగుతుంది, చేత్తో పట్టుకుంటాను. రోజంతటిలో నేను తాకే తోడు అదొక్కటే.

మన పాత కార్ల క్లబ్బు తరఫున వచ్చిన విటేకర్ దంపతులు ఆన్సీలో కలిశారు. బెరిల్ గారు రాగానే, "మీ అన్నయ్యేడీ? ఇద్దరూ వస్తారన్నారే" అని అడిగింది. జ్వరమని చెప్పాను. "జూన్‌లో జ్వరమేంటి, పాపం పిచ్చోడు!" అని నీకోసం అల్లం బిస్కెట్ల డబ్బా ఒకటి ఇచ్చింది. అవి నేనే తినేశాను. ఆ అబద్ధం చాలా సులభంగా వచ్చింది. నన్ను భయపెట్టింది ఆ సులభత్వమే.

ఇప్పుడు నీ ఉత్తరంలోని చివరి పేరాకు వస్తాను. రైలు డ్రైవర్ల ఎంపిక పరీక్షకు పదిహేనో తేదీన వెళ్ళనని రాశావు. "చెయ్యి ఎత్తానో లేదో తనకే గుర్తులేని వాడి చేతిలో రైలెడు జనాన్ని పెట్టకూడదు" అన్నావు. ఆ వాక్యాన్ని ఖండించడానికి నిన్న రాత్రి నుంచీ ప్రయత్నిస్తున్నాను, కుదరడం లేదు. నిన్న ఇక్కడికి వస్తూ రెషెన్ లోయలో జరిగింది చెబితే ఎందుకో నీకు అర్థమవుతుంది.

ఒక పాల ట్యాంకరు వెనక చిక్కుకున్నాను. బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడిచే ఈ దేశాల్లో కుడి సీటులోని డ్రైవరుకు ముందున్న బండి వీపు తప్ప ఏమీ కనిపించదు. ఎదురు దారి కనిపించేది ఎడమ సీటుకే. గాలి హోరులో మాట వినపడదు కనుక మనం పెట్టుకున్న పద్ధతి నీకు తెలుసు: డాష్‌బోర్డు చెక్క మీద నీ అరచేయి ఉన్నంతసేపూ ఆగాలి, అది లేస్తే వెళ్ళాలి. నిన్న పదకొండు మైళ్ళు ఆ ఉత్త చెక్కనే చూస్తూ పాల వాసన పీల్చాను. చివరికి ట్యాంకరే పక్కకు ఆగింది. డ్రైవరు దిగి వచ్చాడు.

"ఏం పిల్లా, ఇంత గుర్రాన్ని పెట్టుకుని నా ఆవు తోక పట్టుకున్నావేంటి?"

"నాకు ముందు కనపడదండీ."

"మరి చూసి చెప్పేవాణ్ణి తెచ్చుకోవద్దూ? ఒక్కదానివే ఎవరు పంపారు నిన్ను? సర్లే, నేను ముందుకెళ్తా. దారి ఖాళీ అయితే కిటికీలోంచి చెయ్యి ఊపుతా. అప్పుడు పో."

ఊపాడు. క్షణం సందేహించకుండా వెళ్ళాను. పేరు కూడా తెలియని మనిషి చేతిని నమ్మాను. ఆ తర్వాత ఒక వంతెన దగ్గర ఆపి, ఆ ఉత్త చెక్క మీద నా అరచేయి పెట్టి చూశాను.

అన్నయ్యా, నిరుడు ఫ్రాన్సులో లాన్ ఊరి దగ్గర నీ చేయి లేవలేదు. చెక్క మీదే ఉంది. వేళ్ళు విప్పి, గట్టిగా అదిమి పెట్టావు. నేను చూశాను. చూసి కూడా వెళ్ళాను, ఎందుకంటే ఆ ఉదయం నీతో ఏదో విషయంలో వాదించి ఓడిపోయాను. ఏ విషయమో ఇప్పుడు గుర్తుకూడా లేదు. ఎదురుగా వ్యాను వచ్చింది. నీ భుజం ఎముక విరిగింది.

ఆసుపత్రిలో నాన్న అడిగినప్పుడు నువ్వు చెయ్యి ఎత్తావని చెప్పాను. నువ్వు కాదన్నావు. అక్కడితో ఆగి ఉంటే అది భయంలో పుట్టిన అబద్ధమే అయ్యేది. నేను ఆగలేదు. ఎండ కళ్ళలో పడే కోణం, బండి కుదుపు, నొప్పిలో మనిషి జ్ఞాపకం ఎంత బలహీనమో — ఒక్కొక్కటే పేర్చాను. మూడో రోజుకు నువ్వే, "ఏమో హెస్టర్, ఎత్తానేమో" అన్నావు. నా జీవితంలో నేను గెలిచిన అతి నీచమైన వాదన అదే. మనిద్దరికీ మాట ఇచ్చిన ఈ ప్రయాణానికి నాన్న తాళాలు నాకు ఇస్తుంటే, నువ్వు పటాన్ని మడిచి నా చేతిలో పెట్టావు. అప్పుడు కూడా ఊరుకున్నాను.

ఫోనులో ఎందుకు చెప్పలేదని నువ్వు అడగవచ్చు. నీ గొంతు వింటే నాకు సమర్థన పుట్టుకొస్తుంది. కాగితం మీద పుట్టిన వాటిని కొట్టేయవచ్చు. ఈ ఉత్తరానికి ఇది నాలుగో ప్రతి. నాన్నకు వేరే కవరు పెట్టాను. అందులో మూడు వాక్యాలే ఉన్నాయి, "కానీ" అన్న మాట లేదు. రెండూ రేపు ఉదయం త్వరిత టపాలో బయలుదేరతాయి, పన్నెండో తేదీకల్లా చేరతాయని ఫ్రౌ ప్లాట్సర్ చెప్పింది. క్షమించమని అడగడం లేదు. అడగడం మొదలుపెడితే అదీ ఒక వాదనే అవుతుంది.

నీ కళ్ళు సరిగ్గానే చూశాయి. నీ చేయి సరిగ్గానే చెప్పింది. పదిహేనో తేదీన పరీక్షకు వెళ్ళు. ఒకవేళ వెళ్ళకూడదనుకుంటే, అది నీకు ఇష్టం లేకపోవడం వల్ల కావాలి, నేను గెలిచినందుకు కాకూడదు.

ఇట్లు,
నిన్ను నీకే అనుమానితుణ్ణి చేసిన చెల్లెలు,
హెస్టర్