తాళం పడిన పాటలు

సుగుణా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఆళ్లగడ్డ చర్చిలో నీ పేరున ప్రార్థన పెట్టించాను. నువ్వు పాడిన పాట ఒకటి అక్కడ వినిపిద్దామనుకున్నాను, కుదరలేదు.

పోయిన వారం మన కంప్యూటర్‌కు వైరస్ పట్టింది. నువ్వు పాడి అందులో దాచిన పాటలన్నిటికీ తాళం పడింది. ఏది నొక్కినా తెరుచుకోవడం లేదు.

యాంటీవైరస్ వేయించమని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. ఊరికే వచ్చేది మంచిదా, కొనేది మంచిదా అని నేను నెలల తరబడి చదువుతూ కూర్చున్నాను. ఆసుపత్రికి పోయే ముందు కూడా, "ఇంకా చూస్తానే ఉండారా? ఏదో ఒకటి ఎయ్యండి" అన్నావు.

నిన్న కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకుని బస్సులో నంద్యాలకు తీసుకెళ్లాను. షాపాయన చాలాసేపు చూసి, "వేరే యాడన్నా కాపీ పెట్టుకుండారా అన్నా?" అని అడిగాడు.

లేదన్నాను.

"యాంటీవైరస్ ఏస్తే వైరస్ పోతాదన్నా, పడిన తాళం పోదు. అంతా తుడిచేసి కొత్తగా ఏస్తా. ఏది కావాల?"

తుడవొద్దని మాత్రం చెప్పి, అతని చేతికి దగ్గరగా ఉన్న యాంటీవైరస్ డబ్బాను చూపించాను. ఇన్ని నెలలూ తేలని సంగతి ఒక్క నిమిషంలో తేలిపోయింది.

ఈ రోజు చర్చి నుంచి వచ్చి కంప్యూటర్ తెరిచాను. ఏ ప్రమాదమూ లేదని తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చింది. కింద నువ్వు టైపు చేసిన పాటల పేర్లు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటే నొక్కాను. ఏదీ పలకలేదు.

ఇప్పటికైతే నీ గొంతు గుర్తుంది. ఇంకెన్నాళ్లు గుర్తుంటుందో తెలియదు.