గుమ్మం దగ్గర కానిస్టేబులు

శుక్రవారం, ఫిబ్రవరి 2007

పంచాయతీ ఎన్నికలైన దగ్గర్నుంచీ శుక్రవారాలు మా ఇంట్లో జరిగే ప్రార్థన మీద రాళ్లు పడుతున్నాయి. రెండు పార్టీలవాళ్లూ మా పని కాదంటున్నారు. కాపలా కావాలని స్టేషన్లో అర్జీ పెట్టింది నేనే.

ఇవాళ కానిస్టేబులు వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటూ, "ఏ పార్టీయో కూడా సెప్పండమ్మా, పైనోళ్లు రాయమన్నారు" అన్నాడు.

బెల్లం గానుగ నుంచి నేరుగా వచ్చిన మరియమ్మత్త మెట్టు మీదే ఆగిపోయింది. ఆమె పింఛను కొత్త సర్పంచి చేతిలో ఉంది. "రాళ్లకైతే తలుపేసుకుంటాం గానీ, ఈ కాయితానికి ఏటడ్డం పెడతామే?" అని వెనక్కి తిరిగింది.

చివరికి ముగ్గురమే మిగిలి ప్రార్థన చేసుకున్నాం. రాయి ఒక్కటీ పడలేదు.

వెళ్తూ కానిస్టేబులు, "వచ్చే శుక్రవారం కూడా వత్తానమ్మా" అన్నాడు. వద్దని చెప్పాలనుకున్నాను. అది కూడా రాసుకుంటాడేమోనని సరేనని తలూపాను.