సగంలో ఆగని కూత

ఏవండీ,

నిన్న మీ ఆబ్దికం పెట్టాం. పంతులుగారు వెళ్ళాక, మీకు చెప్పాల్సిన కబురు ఇంకా నాలోనే ఉండిపోయిందని కలం పట్టాను. మన శ్రీనుని మళ్ళీ కబడ్డీ జట్టులోకి తీసుకున్నారండి.

పోయినేడు వాడు కూర్చున్నచోటే కునుకు తీసేవాడు. కూతకి వెళ్తే ఊపిరి చాలక సగంలోనే వెనక్కొచ్చేవాడు. "ఏరా, కూతలో కూడా ఆవలిస్తావేంటి?" అని కోచ్ గారు పక్కన కూర్చోబెట్టేశారు. రాజమండ్రిలో డాక్టరుగారు పరీక్ష చేసి, నిద్రలో గురక మధ్య వీడికి మాటిమాటికీ ఊపిరి ఆగిపోతోందన్నారు. పడుకునేటప్పుడు ముక్కుకి తగిలించుకునే గాలి మిషను ఇచ్చారు. మొన్న పెద్దాపురంలో ఒక్క కూతలో ముగ్గుర్ని తాకి వచ్చాడు. మీరు ఆడే రోజులు కళ్ళముందు కనిపించాయి.

మీ గురకా గుర్తొచ్చింది. "అన్నయ్యగారు పడుకుంటే మా వీధిలోకి దొంగలు రారు వదినా" అని పక్కింటి సత్యవతి నవ్వేది. కష్టపడిన ఒళ్ళు కదా, గాఢనిద్ర అనుకున్నాం అందరం. మధ్యాహ్నం అరుగు మీద మీ గురక ఉన్నట్టుండి ఆగిపోతే, నేను బియ్యం చెరగడం ఆపి, మళ్ళీ మొదలయ్యేదాకా రామ రామ అనుకునేదాన్ని.

ఇప్పుడు వాడికి గురకే లేదు. అయినా తెల్లారి ముగ్గుగిన్నె పట్టుకుని వెళ్తూ వాడి గది ముందు ఆగుతాను. మిషను గాలి చప్పుడు విన్నాకే వాకిట్లోకి వెళ్తాను.

ఈ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. వాడికి చూపించకండి. అమ్మ ఇంకా రామ రామ అనుకుంటోందని వాడికి తెలియక్కర్లేదు.