యాక్సిలరేటర్ తొక్కితే వచ్చే ఈల

మార్చి 3, సోమవారం

పశువుల డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఇది మూడోసారి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే స్పీకర్లలో సన్నగా ఈల. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. కడుపునొప్పితో దూడ మూలిగినట్టుందట. నాకు దూడల సంగతి తెలియదు గానీ ఈలల సంగతి తెలుసు. కార్లకి స్టీరియోలు బిగించడం ఇరవై రెండేళ్ళుగా నా పని.

ఆ కారుకి స్టీరియో, సౌండ్ పెంచే యాంప్, స్పీకర్లు అన్నీ నా చేత్తోనే బిగించాను. రెండేళ్ళు కిక్కురుమనలేదు. పోయిన నెల ఒక డోర్ స్పీకరు చిరిగిందని వస్తే షాపులో నాతో పనిచేసే మా బావమరిదికి అప్పజెప్పాను. అప్పట్నుంచే ఈల.

ఊరికే రాసి పెడుతున్నాను. ఎవరినీ ఏమీ అనడం లేదు.

మార్చి 4, మంగళవారం

బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూశాను, బాగుంది. స్టీరియో నుంచి యాంప్‌కి వెళ్ళే సిగ్నల్ వైర్లు మార్చాను, ఈల పోలేదు. రోడ్డు పక్కన కొన్న చవక చార్జరేదైనా పెట్టారా అని డాక్టరమ్మని అడిగాను. నోరు తెరవని గేదెను చూసినట్టు చూసింది.

ఎర్త్ చూశారా బావా అని బావమరిది అడిగాడు. యాంప్ నుంచి వచ్చే నల్ల వైరుని కారు బాడీకి బిగిస్తాం, అదే ఎర్త్. ఈల వస్తే ముందు చూడాల్సింది అదేనని వాడికి నేర్పిందే నేను. తాతకు దగ్గులు నేర్పుతున్నాడు. ఆ కారుకి ఎర్త్ కట్టింది నేను. నేను కట్టింది నేనే అనుమానించాలా? మధ్యాహ్నం తనే ఒకసారి చూస్తానన్నాడు. అక్కర్లేదన్నాను.

అంత తొందరెందుకో.

మార్చి 6, గురువారం

కూర్చుని లెక్క చూశాను. రెండు నెలల్లో ఈలతో వెనక్కొచ్చిన కార్లు మూడు. మూడూ నేను బిగించినవే. మూడింటి మీదా ఆఖరున చెయ్యి వేసింది వాడే.

ఇంకోటి. నేను భోజనానికి ఇంటికి వెళ్ళినప్పుడే వాడికి పని ముంచుకొస్తుంది. తిరిగొచ్చి షట్టర్ దగ్గర చెప్పులు విడిచేలోపు ఏదో ఒక కారు డోర్ ధడాలున మూసుకుంటుంది. ఏం చేస్తున్నావురా అంటే ఏం లేదు బావా అంటాడు. ఏమీ లేనిదానికి చొక్కా వీపంతా తడవదు.

పోయిన వారం వీధి మూల ఖాళీ షాపు ముందు, దాని ఓనరుతో వాడు మాట్లాడుతుంటే ఈ కళ్ళతో చూశాను. ఇంక అర్థం కాకపోవడానికేముంది? నేను బిగించిన కార్లన్నీ ఈలలేస్తాయని పేరు పడాలి. తర్వాత తను మూల మీద కూర్చుని ఆ ఈలలు బాగు చేయాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర టెస్టర్ లేదు మరి.

నాకున్నవి రెండే, నా చేతులు, నా పేరు. పేరు పోతే ఈ చేతుల్ని ఎవరూ పనికి పిలవరు.

మార్చి 7, శుక్రవారం

మా ఆవిడ డ్రాయర్‌లోంచి నెయిల్ పాలిష్ తీశాను. ఎర్రది.

మార్చి 8, శనివారం, మధ్యాహ్నం 3

డాన్స్ టీచర్ కారు రిమోట్ లాక్ కోసం వచ్చింది. అందులో ఆడియో నేను బిగించిందే, కానీ ఇవాళ దాని జోలికి పోవాల్సిన పనే లేదు. ముందు సీటు కింద యాంప్ మూత మీద, కార్పెట్ అంచున ఉన్న స్క్రూల మీద ఒక్కో చుక్క పెట్టాను. ఆరేదాకా ఊదాను. ఎవరైనా స్క్రూ విప్పితే చుక్క పగులుతుంది. వెళ్తున్నానని అందరికీ వినపడేలా చెప్పి భోజనానికి వెళ్ళాను.

వచ్చి చూస్తే మూడు చుక్కలు పగిలి ఉన్నాయి.

రాత్రి 7

అరవలేదు. సోమవారం వాణ్ణి పంపేస్తాను. మా ఆవిడకి చెప్పాను. నా నెయిల్ పాలిష్ ఇందుకా తీసుకెళ్ళారు అని ముందు అడిగింది. తర్వాత, తొమ్మిదేళ్ళుగా పక్కన ఉన్నవాణ్ణి ఒక్కమాట అడగొచ్చు కదా అంది. దొంగని అడిగి పట్టుకుంటారా అన్నాను. కంచం నా ముందు పెట్టి టీవీ పెట్టుకుంది.

మార్చి 9, ఆదివారం

ఉప్పు ఎక్కడుందని అడిగితే చేత్తో చూపించింది.

మార్చి 10, సోమవారం

పంపేముందు రుజువు చేతిలో ఉండాలనుకున్నాను. వాణ్ణి వైర్లు తెమ్మని బజారుకి పంపి డాక్టరమ్మ కారు తీశాను. స్టీరియోకి విడిగా ఒక బ్యాటరీ ఇచ్చి ఇంజిన్ రేజ్ చేశాను. ఈల మాయం. అంటే స్టీరియో ఎర్తుకీ యాంప్ ఎర్తుకీ పొసగడం లేదు. ఇంక తప్పక కార్పెట్ లేపాను.

నేను బిగించిన చోట నా నల్ల వైరు లేదు. జానెడు దూరంలో కొత్త బోల్టు ఉంది, వైరు అక్కడికి పోయింది. దాని కింద పెయింట్ సగమే గీకి ఉంది. రేకు సరిగా తగలకపోతే ఈల రాక పాట వస్తుందా? ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీశాను. నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను. నా అనుమానం ఎప్పుడూ తప్పు కాలేదు.

వాడు రాగానే ఫోన్ మొహం ముందు పెట్టాను. చేతిలో వైర్ల కట్ట బల్ల మీద పెట్టాడు.

"చలికాలంలో మీ కారు కడుగుతూ అక్క కూర్చునే సీటు బెల్టు లాగాను బావా. బోల్టుతో సహా చేతికొచ్చింది. దానికి మీ ఎర్త్ ఉంది."

ఎర్త్ నేనెప్పుడూ సీటు బెల్టు బోల్టుకే కడతాను. లావుగా ఉంటుంది, నేరుగా బాడీలోకి దిగి ఉంటుంది, రంధ్రం వేసే పని ఉండదు. నాకు పని నేర్పినాయన అలాగే కట్టేవాడు. మధ్యలో వైరు రింగు ఉంటే బోల్టు పూర్తిగా కూర్చోదట. కారు తిరిగేకొద్దీ వదులవుతుందట. అందుకని ఏ పని మీదైనా షాపుకి మళ్ళీ వచ్చిన ప్రతి కారులో ఎర్త్ పక్కకి మార్చి, ఆ బోల్టు బిగిస్తున్నాడు. నేను భోజనానికి వెళ్ళే అరగంటలో. అరగంటలో కొన్నిసార్లు పెయింట్ పూర్తిగా పోదు.

నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"రెండుసార్లు చెప్పాను. రెండోసారి మీరు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు."

ఆ నాలుగు రోజులు నాకు గుర్తున్నాయి. ఎందుకు మాట్లాడలేదో గుర్తు లేదు.

మూల మీద షాపు సంగతి కూడా అడిగాను. అవును, అద్దెకి చూశానన్నాడు.

మార్చి 11, మంగళవారం

డాక్టరమ్మ కారులో రేకు మెరిసేదాకా గీకాను. బిగించి, గట్టిగా తొక్కాను. ఈల లేదు. ఆవిడ బాగుందంది. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ బెల్టు సంగతి చెప్పేశాను, తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆవిడ సీట్లో కూర్చుని బెల్టు రెండుసార్లు లాగి చూసింది. నన్ను తిట్టలేదు. ఇలా ఎన్ని కార్లకి చేశారు అని అడిగింది.

మార్చి 12, బుధవారం

యాంప్ పెట్టినవాటిలో ఇంకా తిరుగుతున్నవి అరవై ఒకటి. బావమరిది ఒక కాగితం మీద నంబర్లన్నీ రాసుకున్నాడు. పద్నాలుగింటికి టిక్కు ఉంది. మొదటి టిక్కు మా కారుకి, పక్కన అక్క అని రాసి ఉంది.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. అన్నం తింటారా అంది.

మార్చి 24, సోమవారం

పన్నెండు రోజులుగా ఫోన్లే. కొందరు తిట్టారు, తిట్టించుకున్నాను. ఒకాయన, ఈ వంకతో ఏం అమ్ముదామని చూస్తున్నావయ్యా అన్నాడు. ఉచితంగా చేస్తానంటే ఇంకా అనుమానపడ్డాడు. అలా అనుమానించేవాడికి ఏం చెప్తే నమ్ముతాడో నాకే తెలియాలి, కానీ తెలియలేదు. కారు తీసుకురాకపోతే నేనే మీ ఇంటికొస్తానన్నాను. వెళ్ళాను.

ఇవాళ ఒక కారు వెనక సీటులో బిస్కట్ పొడి, చిన్న సాక్సు ఒకటి. బెల్టు బోల్టు రెండు వేళ్ళతో తిరిగింది. బయటికొచ్చి పాత టైరు మీద కూర్చున్నాను. చాలా భయమేసింది. బావమరిది దాన్ని బిగించి, వచ్చి నీళ్ళ సీసా ఇచ్చాడు.

కొత్త పని ఒక్కటీ రాలేదు. విషయం ఊరంతా పాకిపోయింది. పాకనీ.

ఏప్రిల్ 9, బుధవారం

అరవై అయ్యాయి. మిగిలింది ఒక్కటి, తెల్ల కారు. నాలుగేళ్ళ కిందటి పని. ఓనరు అమ్మేశాడు. కొన్నవాడు ఇంకొకరికి అమ్మేశాడు, ఎవరికో గుర్తు లేదన్నాడు. దాస్తున్నాడేమోనని రెండుసార్లు గుచ్చి అడిగాను. దాచడానికి వాడి దగ్గర ఏమీ లేదు. కారు నంబరు కూడా మారి ఉండొచ్చు అన్నాడు.

ఏప్రిల్ 16, బుధవారం, సాయంత్రం 5

పెద్ద సిగ్నల్ దగ్గర నిలబడుతున్నాను. తెల్ల కారు ఆగితే కిటికీ కొట్టి, ఆడియో ఎక్కడ బిగించారని అడుగుతున్నాను. చాలామంది అద్దం ఎక్కించేస్తారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఇప్పటికి రెండుసార్లు నా పేరు రాసుకున్నాడు.

ఇవాళ బావమరిది కూడా వచ్చాడు. రోడ్డు దాటి, అటు నుంచి వచ్చే తెల్ల కార్ల కోసం అవతలి వైపు నిలబడ్డాడు.